సర్వగ్రహ సంతర్పణ శిల

ధవళేశ్వరము ఆనకట్ట దాటి కోనసీమ వైపు పోయిన కొలది గోదావరి తెచ్చి పరచిన ఒండ్రుమట్టియే గాని, రుబ్బురోలు కావలెనన్నను దాని రాయిని పైనుండి తెప్పించుకొనవలసిన సీమ మనది. అట్టి సీమలో పంచాంగము చంకనబెట్టుకొని జాతిరాళ్లు అమ్ముట వరిసేద్యముకన్న లాభసాటిగా వర్ధిల్లుచుండుట దైవలీల యనవలెను.

నవరత్నములలో పేరైనను లేని టూర్మలిన్ ఇటీవల ఈ వర్తకులకు కామధేనువైనది. కెంపు ఎరుపే గావున ఒక్క రవికే పనికివచ్చును. ఇదియో, సకల వర్ణములయందును దొరకును. పచ్చ కొనలేని బుధదశవానికి ఆకుపచ్చది, కెంపు కొనలేని రవిదశవానికి ఎర్రది, ఏలినాటి శని పట్టినవానికి నల్లది, అన్నియు ఒకే గంపలోని సరకు! వెలుపల పచ్చగాను లోన ఎర్రగాను ఉండు పుచ్చకాయ రకమును చూపి, బుధాదిత్యయోగము నేరుగా వేలికే పట్టినదని నమ్మబలుకు ప్రతిభాశాలి నేడో రేపో పుట్టక మానడు.

ఈ వర్ణవైభవమునకు కర్తలు గ్రహములు గావు, బోరాన్ కలిసిన ఆ స్ఫటికములో చేరిన లోహములు. మాంగనీసు చేరిన గులాబి, ఎరుపు. ఇనుము మిక్కుటమైన నలుపు. రాగి చేరిన, 1980ల చివర బ్రెజిలు దేశపు పరైబాలో బయల్పడిన, కన్నులు చెదరు నీలము. శనికి ఇనుమే ప్రీతికరమైనచో గుర్రపునాడా ఉంగరము ఏ తిరునాళ్లలోనైనను చౌకగా దొరకును గదా! గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో నల్ల టూర్మలిన్ అభ్రకముతో పాటే వెలువడును. దానిని ఏండ్ల తరబడి చేతులతో ఎత్తిన కూలీలకు శనిపీడ వదలినదని మాత్రము ఎవరును చెప్పగా వినలేదు.

దుష్టశక్తిని లాగివేయునందురా? లాగుట నిజమే. నాడు పాలకొల్లులో కోఠీ పెట్టుకొని మన నేతబట్టలు ఓడలకెక్కించిన డచ్చివారే 18వ శతాబ్దారంభమున సింహళము నుండి ఈ రాళ్లను స్వదేశమునకు గొనిపోయి, వేడిచేసినప్పుడు విద్యుదావేశము పొందు వీని గుణము కనిపెట్టి, పొగాకు పీల్చు గొట్టములలోని బూడిదను లాగుటకు వాడుకొనిరి. ఐశ్వర్యమును లాగినట్లు వారును వ్రాయలేదు.

2027లో పుష్కరములు వచ్చుచున్నవి; రేవుల వెంబడి ఈ దుకాణములు వెలయక మానవు. పాఠక మహాశయులారా, టూర్మలిన్ అందమైన రాయి, కాఠిన్యము 7 మొదలు 7.5 వరకు గలది, ఉంగరమునకు తగినది. ముచ్చటపడినచో రత్నపరీక్షాశాల ధ్రువపత్రము అడిగి పుచ్చుకొని మరీ కొనుడు, గ్రహబలమునకు వేరుగా వెల కట్టినచో ఆ పైకము మాత్రము ఇయ్యకుడు.