సింక్ మావయ్య

ప్రతి బంధువర్గంలోనూ ఒక సింక్ మావయ్య ఉంటాడు. ఆ పేరు పిల్లలు చాటుగా పెట్టారు. ఆయనకా సంగతి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఉద్యోగం బ్యాంకులోనో ఇరిగేషన్ ఆఫీసులోనో వెలగబెడుతుంటాడు గానీ, ఆయన మనసంతా పాటల లెక్కల మీదే. వాళ్ళింటికి భోజనానికి వెళ్ళారనుకోండి, చేతులు కడుక్కునీ కడుక్కోగానే, అత్తయ్య వక్కపొడి తెచ్చేలోపే, మిమ్మల్ని పక్కగదిలోకి లాక్కుపోతాడు. అక్కడో కంప్యూటరు, దానికో తెల్ల వైరు, వైరు కొసన ఐపాడ్. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి మెల్లమెల్లగా జరుగుతుంటుంది. "ముట్టుకోకండి, సింక్ అవుతోంది" అంటాడు. మీరు ముట్టుకోబోలేదు. అయినా అంటాడు.

ఈ జాతి ఐపాడ్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. కేసెట్ల రోజుల్లో రికార్డింగ్ షాపుకి జాబితా పట్టుకెళ్ళి, ఇవతలి వైపు చివరి పాట సగంలో తెగిపోకుండా నిమిషాలు కూడి మరీ ఇచ్చిన కుర్రాడు ఈయనే. అట్ట మీద సినిమా పేరు ఎర్ర ఇంకుతో, గాయకుల పేర్లు నీలం ఇంకుతో రాసేవాడు. ఎవరైనా కేసెట్టు అడిగితే ఇచ్చేవాడు గానీ, అట్ట మాత్రం తన దగ్గరే ఉంచుకునేవాడు. తర్వాత కోఠీలోనూ బెజవాడ బీసెంట్ రోడ్డులోనూ ఫుట్‌పాత్ మీద ఎంపీత్రీ సీడీలొచ్చాయి. ఒక్కో దాన్లో నూటయాభై పాటలు, అట్ట మీద రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. మావయ్యకు ఆ రోజులన్నీ కలత నిద్రే.

ఐపాడ్‌ను 2001 అక్టోబరు 23న అమెరికాలో ఆవిష్కరించారు. 5 జీబీ, జేబులో వెయ్యి పాటలు అని స్టీవ్ జాబ్స్ చెప్పాడు. మొదట్లో అది ఆపిల్ కంపెనీ కంప్యూటర్లతోనే పలికేది. దాన్ని నింపే ఐట్యూన్స్ మన విండోస్ మీదికి రావడానికి 2003 అక్టోబరు దాకా పట్టింది. ఆ తర్వాతే డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చిన మేనల్లుడు మావయ్య చేతిలో ఆ తెల్ల బిళ్ళ పెట్టి, "పాటలు వినండి మావయ్యా" అన్నాడు. మావయ్య బిళ్ళ వంక సరిగా చూడను కూడా చూడలేదు. కంప్యూటర్లో ఐట్యూన్స్ తెరిచాడు. పాట పేరు, ఆర్టిస్టు, ఆల్బం, ఆల్బం ఆర్టిస్టు, కంపోజరు, జానర్, సంవత్సరం, ట్రాకు నంబరు, డిస్కు నంబరు! ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసిన మనిషి. అన్ని ఖాళీ గళ్ళు ఒకేచోట చూసేసరికి కళ్ళు చెమర్చాయి.

కష్టాలూ అక్కణ్ణుంచే.

పాటల్లో చాలావాటికి ఆర్టిస్టు గడిలో గాయకుడి పేరుండదు, దింపుకున్న వెబ్‌సైటు పేరుంటుంది. ఆ లెక్కన తెలుగులో అత్యధికంగా పాడింది బాలూ కాదు, సుశీలా కాదు, ఏదో డాట్ కామ్. జానర్ సంగతి ఇంకా ఘోరం. ఎంపీత్రీ ఫైలు చివర ఈ వివరాలు పెట్టే పాత పద్ధతిలో ఒక్కో సంగీతరీతికి ఒక్కో నంబరు. సున్నా నంబరు బ్లూస్‌ది. గడి నింపకుండా సున్నా వదిలేసినవాళ్ళ పుణ్యమా అని అన్నమయ్య కీర్తనలు, బుర్రకథలు, హరికథలు అన్నీ బ్లూస్ కింద చేరిపోయాయి. ఆ జాబితాలో పోల్కా ఉంది. పద్యం లేదు. మావయ్య "పౌరాణిక పద్యం" అని కొత్త జానర్ తనే సృష్టించుకున్నాడు.

ఘంటసాల మాటేమిటి? హెచ్ ఉన్న ఘంటసాల, హెచ్ లేని గంటసాల, చివర రెండు ఏలున్న ఘంటసాలా, ఇంటిపేరుగా మాత్రమే మిగిలి పక్కన వెంకటేశ్వరరావు చేరినాయన, వీళ్ళంతా సాఫ్ట్‌వేర్ దృష్టిలో వేర్వేరు మనుషులు. సుశీలతో కలిసి పాడిన ఘంటసాల మళ్ళీ ఇంకో మనిషి. ఎస్‌కీ పీకీ మధ్య చుక్క ఉన్న బాలు, చుక్క లేని బాలు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. శంకరాభరణంలో హెచ్ పెట్టాలా వద్దా అన్న సందేహంతో ఒక్క సినిమా రెండు ఆల్బమ్‌లైంది. ఇది చాలనట్టు దేవదాసు కేసు ఉండనే ఉంది. 1953లో నాగేశ్వరరావు దేవదాసు, 1974లో కృష్ణ దేవదాసు, 2006లో రామ్ దేవదాసు. పేరొక్కటే కాబట్టి సాఫ్ట్‌వేర్ ముగ్గుర్నీ ఒకే ఆల్బంలో కూర్చోబెట్టింది. మొదటి నంబరు పాటలు మూడు, రెండో నంబరు పాటలు మూడు. సుబ్బురామన్ బాణీలో ఒకడు కుమిలిపోతుంటే, ఆ వెంటనే చక్రి బీటు అందుకుంటుంది. పార్వతి ఎవరి తాలూకో తేలలేదు.

వీటన్నిటికంటే ఆయన్ని కుంగదీసింది మరొకటి. అన్ని గళ్ళు పెట్టినవాళ్ళు హీరో గడి పెట్టలేదు. తెలుగువాడు పాటను గుర్తుపెట్టుకునేదే తెరమీద పెదాలు కదిపినవాడితో. వాళ్ళ అమ్మగారు "ఆ రామారావు పాట పెట్టరా" అంటుంది. రామారావు పాడలేదమ్మా అంటే, "నేను చూశాగా" అంటుంది. మావయ్య చివరికి కంపోజరు గడిలో హీరో పేర్లు ఎక్కించాడు. ఆ విధంగా ఎన్టీఆర్ ఆయన లైబ్రరీలో సాలూరి రాజేశ్వరరావు కంటే పెద్ద సంగీత దర్శకుడు.

సింక్ అనేది ఎటు పారుతుందో అర్థంకాకే చాలా ఇళ్ళలో గొడవలొచ్చాయి. పాటలు కంప్యూటర్లోంచి ఐపాడ్‌లోకి పోతాయి, ఐపాడ్‌లోంచి కంప్యూటర్లోకి రావు. దుకాణంలో కొన్న పాటలకు తర్వాత మినహాయింపు ఇచ్చారు గానీ, మన పాటలు ఎవరు కొన్నారు? ఐపాడ్‌లో పడ్డ పాట తిరుపతి హుండీలో వేసిన డబ్బే. లోపల అవి కనిపించని ఫోల్డర్లలో, నాలుగు అక్షరాల అర్థంలేని పేర్లతో దాగుంటాయి. "లవకుశ" అని ఎక్కించిన పాట లోపల ఎవరికీ నోరు తిరగని నాలుగక్షరాలై కూర్చుంటుంది. పైగా ఒక ఐపాడ్‌కి ఒకటే లైబ్రరీ. వేరే కంప్యూటరుకి తగిలిస్తే, ఇది ఇంకో లైబ్రరీకి జతపడి ఉంది, మొత్తం తుడిచేసి ఇక్కడివి ఎక్కించమంటారా అని అడుగుతుంది. మర్యాదగానే అడుగుతుంది. చార్జింగ్ కోసమని తగిలించిన బామ్మర్ది కొడుకు ఏం రాసుందో చదవకుండా సరే అని నొక్కుతాడు. చదవకుండా సరే అనడమే ఆ వయసు లక్షణం. సంక్రాంతికి బంధువులొచ్చిన ఇంట్లో ఇది జరక్కపోతే పండగ వెలితే. నాలుగువేల పాటలు పోయి, వాటి స్థానంలో విండోస్‌తో పాటు వచ్చే మూడు నమూనా పాటలు మిగులుతాయి. మావయ్య కుర్రాణ్ణి తిట్టడు. పక్కన కూర్చోబెట్టుకుని లైబ్రరీ అంటే ఏమిటో రెండు గంటలు వివరిస్తాడు. తిట్టుంటే బావుండేదని వాడు చాలాకాలం అనుకుంటాడు.

ఇంత చేసినా ఆయన విజయాలే ఆయన్ని ఎక్కువ దెబ్బతీస్తాయి. కొన్ని నెలలు కూర్చుని ఘంటసాలలందర్నీ ఒక్కటి చేశాడనుకోండి. ఆ ఆనందంలో "ఘంటసాల సమస్తం" అని ఒక స్మార్ట్ ప్లేలిస్టు కడతాడు. ఆ పేరున్న ప్రతి పాటా దానంతటదే అందులోకి వచ్చి పడుతుంది. మరుసటి వారం మేనకోడలి పెళ్ళి. మైకుసెట్టు వాడికి తన ఐపాడ్ ఇచ్చి, షఫుల్ నొక్కి, విడిదింట్లో కాఫీకి వెళతాడు. ఒక యుగళగీతం, ఒక చిలిపి పాట, మరో యుగళగీతం. అప్పుడు, తలంబ్రాల పళ్ళెం చేతికి అందుతుండగా, లౌడ్‌స్పీకర్లలో ఘంటసాల భగవద్గీత. మన ఊళ్ళలో ఆ గొంతు ఆ శ్లోకాలు అందుకుందంటే ఎవరింటి ముందో పాడె కడుతున్నారని లెక్క. వంటశాలలోంచి గరిటెతో ఒకాయన పరిగెత్తుకొచ్చి "ఎవరు? ఎవరు?" అంటాడు. మగపెళ్ళివారి తాతగారు తనను ఒకసారి తడుముకుని చూసుకుంటాడు. మావయ్య మాత్రం ఆ రాత్రి కూడా తప్పు ఎక్కడుందో ప్రశాంతంగా వెతుకుతాడు. "అదీ ఘంటసాలే కదా. లిస్టు కరెక్టే. షఫుల్‌లో వదిలెయ్యి అని ప్రతి పాటకీ ఒక టిక్కు పెట్టే గడి ఉంటుంది. నేనది చూళ్ళేదు." పెళ్ళికూతురి తండ్రి ఆయనతో మాట్లాడటం మానేసినా, ఆ గడి దొరికినందుకు మావయ్య సంతోషంగానే ఉంటాడు.

ఆయనకు బద్ధశత్రువు ఒకడున్నాడు. సందు చివర సెల్‌ఫోన్ షాపు కుర్రాడు. అద్దం మీద "ఇచ్చట మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని స్టిక్కరు. ఆటోడ్రైవరు కార్డు తీసిస్తే వాడు అడిగేది ఒక్కటే: "పాతవా, కొత్తవా, భక్తివా?" సంగీతమంతా మూడు ఫోల్డర్లు. మౌస్‌తో పట్టుకుని లాగి కార్డులో పడేస్తాడు, ముప్పై రూపాయలు తీసుకుంటాడు. సింకూ లేదు, లైబ్రరీ లేదు, ఏదీ తుడిచిపెట్టుకుపోదు. ఆటోవాడు వీధి మలుపు తిరిగేలోపే పాట మోగుతుంటుంది. మావయ్య ఒకసారి ఆ కౌంటరు ముందు నిలబడి, "బాబూ, ఈ ఫైళ్ళకు ఆల్బం ఆర్టిస్టు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. ఆ కుర్రాడు జాలిగా చూసి, "పాత ఫోనా సార్?" అన్నాడు. నన్నడిగితే ఆ పోరులో న్యాయం కుర్రాడి వైపే ఉంది. కానీ మా వాళ్ళెవరూ ఆ మాట మావయ్య ముందు అనరు.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఇల్లు మారినంత పని. 2012 నవంబరు చివర వచ్చిన పదకొండో ఐట్యూన్స్‌లో ఎడమవైపు ఉండాల్సిన పట్టీ మాయమైంది. అది పోలేదు, దాచారంతే, మెనూలో ఉంది. అది తెలిసేదాకా ఆయన అన్నం సరిగా తినలేదు. 2014 సెప్టెంబరు 9న అంతకంటే విచిత్రం జరిగింది. ఆపిల్ కంపెనీ యూ టూ అనే ఐరిష్ బృందం కొత్త ఆల్బమ్‌ని 50 కోట్ల ఖాతాల్లోకి అడక్కుండానే పంపేసింది. ప్రపంచమంతా కోప్పడింది. వారం తిరక్కుండానే దాన్ని తీసేసుకునే మార్గం కంపెనీయే ఇవ్వాల్సొచ్చింది. అనుమతి లేనిదే లైబ్రరీలోకి ఈగను కూడా రానివ్వని మావయ్య కూడా కోపంగానే తెరిచాడు. పదకొండు పాటలు. పేర్లు సరిగా ఉన్నాయి. ట్రాకు నంబర్లు వరసగా ఉన్నాయి. సంవత్సరం ఉంది, బొమ్మ ఉంది, జానర్ ఉంది. జీవితంలో మొదటిసారి తను చెయ్యి పెట్టాల్సిన అవసరం లేని ఆల్బం చూశాడు. తీసెయ్యడానికి మనసొప్పలేదు. అందులో ఒక్క పాటా ఆయన వినలేదు, అది వేరే సంగతి. అదే రోజు 160 జీబీ క్లాసిక్ ఐపాడ్‌ను అమ్మకాల్లోంచి తీసేశారు. ఆయన ఆ వార్త మర్నాడు పేపర్లో చదివి, ఉన్న రెండిట్నీ బీరువాలో అత్తయ్య పట్టుచీరల మధ్య భద్రపరిచాడు. 2019లో మ్యాక్‌ల మీద ఐట్యూన్స్‌ని మూడు ముక్కలు చేశారు. 2022 మేలో ఐపాడ్ మొత్తంగానే ముగిసింది. పరామర్శకని నలుగురు ఫోన్ చేశారు.

విన్నారా అంటే? ఆ ప్రశ్న ఎవరూ అడగరు గానీ, జవాబు సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. ఎన్నిసార్లు విన్నారో చెప్పే వరస ఒకటి అందులోనే ఉంటుంది. పాట చివరిదాకా మోగితేనే అది ఒకటి లెక్కేసుకుంటుంది. మావయ్య ప్రతి పాటా పది సెకన్లు విని, ఫైలు బాగానే ఉందని తేల్చుకుని ముందుకు పోతాడు కాబట్టి ఆ వరస పొడుగూతా ఖాళీ. ఎక్కువగా విన్న పాతిక పాటలని ఐట్యూన్స్ దానంతటదే ఒక జాబితా కడుతుంది. ఆయన జాబితాలో మొదటి స్థానం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతానిది. అది కూడా ఆయన పళ్ళు తోముకోవడానికి లేచి వెళ్ళినప్పుడు అత్తయ్య వచ్చి పెట్టి పోయింది.

అత్తయ్యకు ఇప్పుడు సొంత యంత్రం ఉంది. సరిగమ వాళ్ళు 2017లో తెచ్చిన కార్వాన్. చూడ్డానికి పాత రేడియో, లోపల 5000 పాటలు ముందే ఎక్కించేసి ఉంటాయి. గుండ్రటి బొత్తం తిప్పితే పాడుతుంది, మళ్ళీ తిప్పితే ఇంకోటి పాడుతుంది. వంటింటి గట్టు మీద పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటుంది, పక్కనే కూనిరాగం తీస్తుంది. ఆల్బం పేరు అడిగితే "ఏమో" అంటుంది. కొన్నాళ్ళు మావయ్య దాని వంక చూడను కూడా చూడలేదు. ఎవరో నింపి పంపిన పాటలు వినడం ఆయన దృష్టిలో హోటల్ భోజనం. ఒకరోజు మంచినీళ్ళకొచ్చినవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు చూసి ఆగిపోయాడు.

"ఏమేవ్, దీనికి యూఎస్‌బీ ఉందే! పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు!"

"పెట్టుకోండి" అంది అత్తయ్య, చిక్కుడుకాయ మీంచి కళ్ళెత్తకుండా. "ఈ పాట అయ్యాక."

ఆయన అప్పటికే పక్కగదిలోకి పరిగెత్తాడు. కుర్చీ లాగిన చప్పుడు, కంప్యూటరు లేచిన చప్పుడు వినిపించాయి. అత్తయ్య గొంతు కాస్త పెంచింది.

"పెడితే పెట్టారు గానీ, దీన్ని మాత్రం సింక్ చెయ్యకండి!"