నిమ్మ వాసనకు క్రిమి చావదు

మా రోజుల్లో ఒక ఇంట్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయంటే వీధి చివరికి తెలిసిపోయేది. గాలిలో బ్లీచింగు ఘాటు, పెరట్లో పొయ్యి మీద గుండిగలో ఉడుకుతున్న దుప్పట్లు. ఇప్పుడో? మనవడు టైఫాయిడ్ తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే, మావాళ్లు గదిలో మల్లెపూల స్ప్రే కొట్టి, కిటికీలు బిగించి, ఏసీ వేశారు. అదట శుభ్రత!

హెల్త్ ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగినవాణ్ణి, నోరు ఊరుకుంటుందా? జ్వరం దిగినంత మాత్రాన టైఫాయిడ్ క్రిమి ఇల్లు వదలదర్రా అన్నాను. ఒంట్లో బాగున్నా, విరేచనంలో కొన్ని వారాలపాటు పడుతూనే ఉండవచ్చు. కాబట్టి తుడవాల్సింది టీవీ అద్దం కాదు. దొడ్డి, ఫ్లష్ మీట, కుళాయి తిప్పే చోటు, చెంబు, తలుపు గడియ. డాక్టరు సరేననేదాకా ఆ మనిషిని వంట జోలికి రానివ్వకూడదు. 'తాతయ్యది చాదస్తం' అని కోడలు నవ్వింది.

అలాగని పాతకాలమంతా బంగారమని నేననను. పేడనీళ్లు చల్లి, గుమ్మానికి వేపమండలు కట్టి, ఇక గత్తర రాదని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్న ఊళ్లను చూశాను. రోగి బట్టలు చెరువులో జాడించి, ఆ చెరువు నీళ్లే బిందెలకెత్తుకునేవారు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్‌కు అలాంటి చెరువు నీళ్లలోనూ కలరా క్రిమి దొరికింది. చుట్టుపక్కల మొదట చనిపోయిన మనిషి బట్టలు అందులోనే ఉతికారట. అయినా రేవులో చాకలి బానెక్కించి బట్టల్ని ఆవిరిలో ఉడికించేవాడు చూశారా, ఆ పని పేడనీళ్ల కంటే వెయ్యి రెట్లు నయం.

మాకు నేర్పిన వరస ఒక్కటే: ముందు తీయి, తర్వాత కడుగు, ఆపైన మందు వేయి, చివరికి ఆగు. ఇప్పటివాళ్లకు ఆ 'ఆగు' ఒక్కటే చేతకాదు. వాంతి మీద బ్లీచింగు నీళ్లు గుమ్మరించి చేతులు దులుపుకుంటారు. మురికి ఉన్నచోట క్లోరిన్ బలమంతా మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిమి దాకా చేరదు. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, పాత గుడ్డతో మురికి ఎత్తేసి, సబ్బునీళ్లతో కడగాలి. ఆ తర్వాతే మందునీళ్లు పోసి, పది నిమిషాలు నేల తడిగా ఉండనిచ్చి, అప్పుడు తుడవాలి.

మందునీళ్ల లెక్కా చెబుతాను. తాజా బ్లీచింగు పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. నేలకు, మంచానికి, దొడ్డికి లీటరు చన్నీళ్లకు 6 గ్రాములు చాలు. కాసేపు ఉంచితే సున్నం అడుగున పేరుకుంటుంది, పైన తేటే వాడాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. మూత తీసి ఎండకీ చెమ్మకీ వదిలేసిన డబ్బాలో మిగిలేది ఉత్త సున్నమే. మా స్టోరు గుమాస్తా డబ్బా మూత బిగించకపోతే మాచేత చీవాట్లు తినేవాడు.

ఇప్పటివాళ్ల ఇంకో సరదా, 'బాగా పనిచేస్తుంది' అని రెండు మూడు సీసాలు కలిపేయడం. దొడ్డి కడిగే యాసిడ్, బ్లీచింగు కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాస్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషం అదేనయ్యా! అమ్మోనియా ఉన్న ద్రవాలతో కలిపినా ఊపిరితిత్తులకు చేటే. ఒకసారికి ఒక్క మందే వాడండి, కిటికీలు బార్లా తెరవండి.

బట్టల్ని దులపకండి, దులిపితే క్రిమి నలువైపులా చిందుతుంది. విడిగా నానబెట్టి, ఉడికే నీళ్లలో ఉతికి, నడి ఎండలో ఆరేయండి. బాల్కనీలో ఎండ పడదంటే మేడ మీదికి వెళ్లండి, మోకాళ్లేం అరిగిపోవు.

ఇంటికి సువాసన కావాలంటే అగరొత్తి వెలిగించుకోండి, ఎవరు కాదంటారు? రోగం పోవాలంటే మాత్రం సబ్బు, సరైన కొలతలో క్లోరిన్, పది నిమిషాల ఓపిక కావాలి. మొదటి రెండూ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. మూడోది మీరే తెచ్చుకోవాలి.