అలవాటు లేనివాళ్ల బర్గండీ

ఫ్రాన్సులోని బర్గండీలో సెలవులు ఎలా గడపాలో చెప్పే జాబితాలన్నిటిదీ ఒకటే వరస. ఒకటి: బోన్ పట్నంలో ఫలానా నేలమాళిగలోకి దిగి వైన్ రుచి చూడండి. రెండు: దానికి ఎదురుగా ఉన్న నేలమాళిగలోకి దిగి ఇంకో వైన్ రుచి చూడండి. మూడు: సైకిలెక్కి ద్రాక్షతోటల మధ్య తిరగండి, మధ్యలో ఆగి రుచి చూడండి. నాలుగు: బెలూన్ ఎక్కండి, దిగాక రుచి చూడండి. ఇలా సాగి సాగి, రాసినవారికే కాస్త మొహమాటం వేసిందేమో, ఏ తొమ్మిదో పదో నంబరు దగ్గరో 'పాత ఆసుపత్రి ఒకటుంది, తీరికుంటే చూడండి' అని ముగుస్తుంది. కొన్నాళ్లుగా ఇవి కంటపడినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. చేతికి గ్లాసు ఇవ్వబోతే 'మాకు అలవాటు లేదండీ' అనేవాళ్లు లోకంలో కోట్లమంది ఉన్నారు. ఈ జాబితాల్లో వాళ్లకి దక్కే ఉద్యోగం ఒక్కటే, కారు నడపడం. నేననేది సరిగ్గా దీనికి తిరగేసి. వైన్ పండే ఆ సీమ అసలు తాగనివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. తాగేవాళ్లు అక్కడికి వెళ్లి సగం నష్టపోతున్నారు. ఆ సంగతి వాళ్లకి తెలియదు, తెలిసినా ఒప్పుకోరు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఫ్రాన్సులో బండి నడిపేవారి రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాలు ఉందంటే నేరం. లైసెన్సు కొత్తగా వచ్చినవారికైతే 0.2 గ్రాములే. సైకిలు కదా అని తప్పించుకోవడానికీ లేదు, దానికీ నిబంధన ఉంది. మరి డిజోన్ నుంచి దక్షిణాన సాంతెనే దాకా సుమారు 60 కిలోమీటర్ల పొడవున సాగే 'గ్రాన్ క్రూ' దారిలో ఊరి వెంట ఊరు, ఊరూరా రుచి చూడమని పిలిచే బోర్డులు. రెండు మూడు గుమ్మాలు తొక్కేసరికి చట్టం అడ్డొస్తుంది. అందుకని బుద్ధిమంతులు ఏం చేస్తారంటే, నోట్లో పోసుకున్నది ఉమ్మేస్తారు. వీసా కోసం వేలిముద్రలిచ్చి, రాత్రంతా విమానంలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, హోటలుకి యూరోల్లో కట్టి, తీరా గ్లాసు నోటిదాకా వచ్చాక ఉమ్మేస్తారు.

ఈ ఉమ్మడం గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. అదొక పెద్ద తంతు. గ్లాసుని కాడ దగ్గర పట్టుకుని గిరగిరా తిప్పాలి. వెలుతురుకి ఎత్తి రంగు చూడాలి. ముక్కు లోపలికి దూర్చి కళ్లు మూసుకోవాలి. ఓ గుక్క తీసుకుని బుగ్గల్లో అటూ ఇటూ పుక్కిలించి, పెదాలు సున్నా చుట్టి గాలి లోపలికి లాగి గురగురమనిపించాలి. అప్పుడు తమ్మపడిగెలో ఉమ్మాలి. మన దగ్గర గోడల మీద 'ఇచ్చట ఉమ్మివేయరాదు' అని రాసి రాసి విసిగిపోయి, చివరికి దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించుకున్నాం. అక్కడ అదే పని ఒక విద్య. చేయి తిరిగినవాడు ఉమ్మితే సన్నటి ధార తిన్నగా వెళ్లి తొట్టి నడిమధ్యన పడుతుంది, పక్కవాడి బూటు మీద చుక్క చిందదు. కొత్తవాడిది గడ్డం మీదుగా కాలర్లోకి దిగుతుంది, పినో న్వార్ ద్రాక్ష మరక ఒక ఉతుకుకి లొంగే రకం కాదు. తొట్టి చుట్టూ పదిమంది చేరినప్పుడు ముందెవరు వంగాలన్నది ఇంకో చిక్కు. ఇద్దరు ఒకేసారి వంగి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి తగ్గి, నిండు బుగ్గలతో 'మీరు ముందు' అని సైగలు చేసుకుంటారు. గైడు సరిగ్గా అప్పుడే 'ఎలా ఉంది?' అని అడుగుతాడు. నోట్లో వైన్ ఉన్నవాడు తల ఊపడం తప్ప ఏం చేయగలడు? ఆ ఊపుని మెచ్చుకోలు కింద జమకట్టి గ్లాసులో మరికాస్త పోస్తాడు. పాతకాలపు నేలమాళిగల్లో కొన్నిటిలో తొట్టి కూడా ఉండదు, కంకర పరిచిన నేల మీదే ఉమ్మేస్తారు. చలికాలంలో వణుకుతూ తీగలు కత్తిరించి, ఎండాకాలంలో వడగళ్లకి భయపడి, ఏడాదికి పైగా పీపాలో కాపాడిన సరుకుని యజమానే ముందు నిలబడి ఉమ్మి చూపిస్తాడు. సరే, లెక్క తేల్చుకుందాం. తాగనివాడు ముట్టడు. తాగేవాడు ముట్టి ఉమ్మేస్తాడు. సాయంత్రానికి ఇద్దరి కడుపుల్లోకీ చేరినది దాదాపు ఒకటే. తేడా అంతా కట్టిన రుసుములో ఉంది.

'ఆ ఊళ్ల పేరున్న వైన్ ఆ ఊళ్లోనే తాగడంలో ఉన్న మజా వేరు' అంటారు. ఏ వైన్? వోన్ రొమానే ఊరి వెనక రొమానే కోంతీ అనే తోట ఉంది. మొత్తం 1.81 హెక్టార్లు, అంటే మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. 1760లో కోంతీ యువరాజు కొన్నాడు కాబట్టి ఆ పేరు. అక్కడ పండిన 1945 నాటి సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఈ తోట దగ్గర యాత్రికుడు చేయగలిగేది చూడండి: మోకాలెత్తు రాతిగోడ, దాని మీద ఒక రాతి శిలువ, 'మీరు వస్తారని మాకు తెలుసు, దయచేసి రోడ్డు మీదే ఉండండి, తోటలో అడుగు పెట్టకండి' అని మర్యాదగా చెప్పే పలక. శిలువ పక్కన నిలబడి ఫొటో దిగాలి, వెళ్లాలి. జీవితాంతం వైన్ చదివినవాడైనా, చుక్క ముట్టనివాడైనా గోడకి ఇవతలే. ఇద్దరికీ కనిపించేవి అవే తీగలు, అదే ఎర్రటి మట్టి. కాకపోతే తాగేవాడు నిట్టూరుస్తాడు, తాగనివాడు హాయిగా పక్క తోటకి నడుస్తాడు.

ఇక పెద్ద అభ్యంతరం ఒకటుంది: నాలుక తయారుకాని మనిషికి ఆ సీమ గొప్పతనం ఎలా తెలుస్తుంది? నాలుక తయారైనవారి సంగతి ముందు చూద్దాం. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. 2001లో అచ్చయిన పరిశోధన అది. వాళ్లు దాన్ని వర్ణించడానికి ఎర్ర వైన్‌కి వాడే మాటలే వాడారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మింది. దీన్నిబట్టి రుచి చెప్పేవాళ్లంతా బూటకమని నేననను. అది నిజమైన నేర్పే, ఏళ్ల తరబడి సాధన చేసినవారికి అబ్బుతుంది. నేననేదల్లా, ఏళ్లు చదివినవారినే తడబెట్టే విద్య మూడు రోజుల సెలవులో, అదీ ఉమ్ముకుంటూ, పట్టుబడదని. మూడు రోజుల్లో పూర్తిగా మనదయ్యేది కంటితో చూసేదే.

'వైన్ లేకపోతే ఆ ఊళ్లో ఏముంది?' అనేవారికి నా జవాబు: ఏమీ లేదు, నిజమే. అక్కడున్న అందమంతా ఏదో ఒక రూపంలో వైన్ డబ్బే. క్లో ద వూజోలో దాదాపు 50 హెక్టార్ల తోట చుట్టూ గోడ కట్టింది సన్యాసులు, ఇప్పుడా ఒక్క గోడ లోపల 80 మంది దాకా యజమానులున్నారు. జాబితాల్లో తొమ్మిదో స్థానంలో పడేసిన ఆ బోన్ ఆసుపత్రి కథా అంతే. 1443లో బర్గండీ డ్యూకు దగ్గర ఛాన్సలరుగా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సాలాన్ బీదల కోసం కట్టించారు. 1452 జనవరి 1న మొదటి రోగి చేరాడు. 1971 దాకా అది ఆసుపత్రే. దాతలు రాసిచ్చిన తోటల వైన్ 1859 నుంచి వేలం వేస్తున్నారు, ఇప్పటికీ నవంబరు మూడో ఆదివారం పాట జరుగుతుంది. వీధిలోంచి చూస్తే బూడిదరంగు పలకల కప్పు, అంతకుమించి ఏమీ లేదు. లోపలి ముంగిట్లోకి అడుగుపెడితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల పెంకులు ముగ్గులా పరిచిన కప్పు కనిపిస్తుంది. బీదల వార్డులో ఎర్ర తెరల మంచాలు రెండు వరసలు, పైన అడ్డదూలాల కొసలని నోట కరిచిన రంగురంగుల రాక్షస తలలు. కనీసం వాళ్లయినా నోట్లోది ఉమ్మేయలేదు. ఇంకో గదిలో రోజియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన తుది తీర్పు చిత్రం. దేవదూత త్రాసులో ఆత్మల్ని తూచుతుంటాడు, పాపం వైపు తట్ట కిందికి దిగుతుంటుంది. వైన్‌ని పెట్టెలో సర్దితే ఓడెక్కి ఏ దేశానికైనా వెళ్తుంది, మన నగరాల్లో పెద్ద దుకాణాల దాకా వస్తుంది. ఆ పెంకుల కప్పు రాదు. రవాణా అయ్యే సరుకు కోసం అంతదూరం వెళ్లి, రవాణా కాని దాన్ని 'తీరికుంటే' చూడడం ఏం తెలివి?

నా వాదనకి అన్నిటికన్నా గట్టి దెబ్బ వంటింట్లోంచి వస్తుంది, దాన్ని దాచను. బర్గండీలో వైన్ తాగకుండా ఉండడం తేలికే, తినకుండా ఉండడమే కష్టం. ఎద్దుమాంసం వైన్‌లో ఉడుకుతుంది. కోడి వైన్‌లో ఉడుకుతుంది. చివరికి అమాయకమైన కోడిగుడ్డుని కూడా ఎర్ర వైన్ పులుసులో ముంచుతారు. వైన్ తగలనిది ఏదని వెతికితే వెల్లుల్లి వెన్నలో నత్తలు ఎదురొస్తాయి. శాకాహారి పని మరీ దయనీయం, జున్ను వేసి కాల్చిన గూజేర్ బూరెలు, బ్రెడ్డు, ఆవముద్దతో కాలక్షేపం చేయాలి. ఆ పేరుమోసిన డిజోన్ ఆవముద్దకి గింజలు ఎక్కువగా వచ్చేది కెనడా నుంచి. 2021లో అక్కడ వానలు పడక, మరుసటేడు ఫ్రాన్సు దుకాణాల్లో ఆ అరలు ఖాళీ అయ్యాయి. అసలు ఇవైనా దొరికితే కదా! మధ్యాహ్నం రెండు దాటితే చిన్న ఊళ్లలో వంటిల్లు మూసేస్తారు, ఆ తర్వాత ఎంత ఆకలేసినా రాత్రి ఏడు దాకా ఆగాల్సిందే.

ఇందాక ఆ కప్పుని రవాణా కానిది అన్నాను గానీ, ఆ సీమలో ఏదీ కదలదనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. బోన్‌లో ద్రాక్షకోత ఏటా ఎప్పుడు మొదలైందో 1354 నుంచి 2018 దాకా తేదీలు ఒకచోట కూర్చారు. పురపాలక లెక్కలు, చర్చి పుస్తకాలు, కూలీలకి చెల్లించిన చిట్టాలు అన్నీ వెతికి తీసినవి. ఆరువందల ఏళ్లకి పైగా ఆ తేదీలు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నా, 1988 తర్వాత మాత్రం కోత సగటున 13 రోజులు ముందుకి జరిగింది. కారణం వేడి. గోడలు అక్కడే ఉన్నాయి, వాటి లోపలి రుతువు కదిలిపోయింది. సన్యాసులు వందల ఏళ్లు కనిపెట్టి ఏ మడిలో ఏ తీగ పెట్టాలో తేల్చిన లెక్క మన ఒక్క జీవితకాలంలో తప్పుతోంది. ఆ తోటలు చూడడానికి విమానాలెక్కి వెళ్లేవాళ్లం, తాగేవాళ్లమైనా తాగనివాళ్లమైనా, ఆ వేడిలో వాటాదారులమే. ఈ ఒక్క విషయంలో తాగనివాళ్ల వైపు మాట్లాడడానికి నాకు నోరు రావడం లేదు.

జాబితాలు రాసేవారికి ఒక మనవి. ఆసుపత్రిని ఒకటో స్థానంలో పెట్టండి. రెండోది గోడల వెంట నడక. మూడోది డిజోన్‌లో డ్యూకుల భవనం. రుచి చూడడాన్ని తొమ్మిదో స్థానానికి పంపి, 'తీరికుంటే' అని రాయండి. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, 'మధ్యాహ్న భోజనానికి రెండు గంటల లోపే చేరండి' అని రాయండి. తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ నిజంగా ఉపయోగపడే మాట అదొక్కటే.