కార్డు పద్యానికి పావగడ టీక

మూలం:

వయసు జీతమూరు వరుసగా నడుగును
ఫోను తెరను బ్యాంకు పొందికగను
అప్పు లేనివాని కర్హత లేదని
చెప్పునట్టి శాస్త్ర మెప్పు డెరుగ

అవతారిక: ఈ ఆటవెలది చెప్పినవాడి పేరు తెలియదు. పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో వేరుశనగ సేద్యగాడనీ, వానలు మొహం చాటేస్తే పొలాన్ని సోలార్ పార్కుకు లీజుకిచ్చాడనీ 'జీతము' మీద అతనికున్న కోపాన్ని బట్టి ఊహించాలి. క్రెడిట్ కార్డుకు అప్లికేషను పెట్టబోతూ, ముందుగా 'మీ అర్హత చూసుకోండి' అన్న మీట నొక్కి, వచ్చిన జవాబు చదివి ఆశువుగా అన్నాడు. అప్లికేషను పెట్టిన తరవాతే అన్నాడని కొందరి వాదం. అది పొసగదు. అప్లికేషను పెట్టినవాడికి పద్యం చెప్పే తీరిక ఉండదు, ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ప్రతిపదార్థం: బ్యాంకు = అప్పిచ్చునది; ఫోను తెరను = అరచేతిలోనే; పొందికగను = మర్యాద తప్పక, అనగా కాదనేటప్పుడు కూడా ధన్యవాదాలు చెప్తూ; వరుసగాన్ = ఒక గడి నింపనిదే ఇంకొక గడి తెరవక; వయసు = పుట్టినతేదీని. ఇందులో చిక్కేమీ లేదు. పద్దెనిమిది నిండాలి, చాలా బ్యాంకులు ఇరవై ఒకటి దాకా ఆగమంటాయి. పైన కూడా ఒక హద్దుంటుంది కనుక, ఆధార్‌లో జనవరి 1న పుట్టిన పెద్దలు ఏ సంవత్సరం రాయించుకున్నారో చూసుకోవాలి.

జీతము = నెలనెలా వచ్చునట్టిదీ, వచ్చినట్టు కాగితం ఉన్నట్టిదీ. ఇక్కడ టీకాకారుడు కాస్త కూర్చోక తప్పదు. సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదు. పన్ను లేదు కనుక రిటర్ను వేయడు, రిటర్ను లేదు కనుక రాబడికి రుజువు లేదు. ప్రభుత్వం చేసిన ఉపకారమే ఈ గడి దగ్గర అపకారమైంది. ఇక సోలార్ సంగతి. తిరుమణి, వళ్లూరు, బాలసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ల చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. 2018 మార్చి 1న ప్రారంభించారు. నేలను కొనలేదు, లీజుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. ఆ లెక్కన పదెకరాలవాడికి నెలకు 17,500 పడినట్టు. వానను అడగకుండా వచ్చే డబ్బు! కానీ ఫారంలో గడులు రెండే: ఉద్యోగమా, స్వయం ఉపాధా? ఉద్యోగమందామంటే పైన యజమాని లేడు. వ్యాపారమందామంటే అంగడి లేదు. ఇక్కడ చిన్న ఉపాయముంది. సోలార్ పలకలు మొలిచిన నేల మీది లీజు సొమ్ము సేద్యపు రాబడి కాదు. దాన్ని రిటర్నులో చూపిస్తే, పన్ను పడినా పడకున్నా, బ్యాంకు అడిగే కాగితం చేతికొస్తుంది.

ఊరు = పిన్‌కోడును. తుమకూరు జిల్లాలో పిన్‌కోడ్లు ఎక్కువగా 572తో మొదలవుతాయి. పావగడ పట్టణానిది మాత్రం 561202. పటంలోనూ ఈ తాలూకా జిల్లాతో కలిసి కూర్చోదు. తుమకూరు బస్సెక్కితే నడుమ మడకశిర సీమ తగులుతుంది. మాట తెలుగు, పహణి కన్నడం, ఫారం ఇంగ్లీషు. మూడు చోట్లా పేరు మూడు రకాలుగా ఉంటే, ఆ ముగ్గురూ ఒకడేనని రుజువు చేసే భారం ఆ ఒకడిదే. కార్డులిచ్చే బ్యాంకులు ఏయే పిన్‌కోడ్లకు ఇస్తామో జాబితా పెట్టుకుంటాయి. ఈ గడి దగ్గరే ఆగిపోయినవాడు తన క్రెడిట్ స్కోరును తిట్టుకోనక్కర లేదు. దాన్నింకా ఎవరూ తెరిచి చూడలేదు.

గణ విచారం: 'తెరను బ్యాంకు' అన్నచోట సంయుక్తాక్షరం ముందున్న 'ను' గురువై గణభంగం కాదా అని శంక. కాదు. అవి వేర్వేరు పదాలు, ఊది పలకనక్కర లేదు. పైగా బ్యాంకు ముందు నిలబడ్డ లఘువు గురువైన దాఖలా పావగడలో లేదు.

పూర్వపక్షం: "ఏమప్పా, ఒక్కరికీ పైసా బాకీ లేనే, నాకు కాకపోతే ఇంకెవరికిస్తారు?" అని మూడో పాదంలోని ఆక్రోశం. లోకంలో అప్పు లేనివాడికి గౌరవం. ఇక్కడ అదే లోపమెట్లయింది?

సిద్ధాంతం: సిబిల్ మొదలైన నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు 300 నుంచి 900 దాకా వేసే స్కోరు ఆస్తిని కొలవదు. తీసుకున్నది తిరిగి ఎట్లా కట్టాడో కొలుస్తుంది. తీసుకోనివాడి దగ్గర కొలవడానికేమీ లేదు గనుక సిబిల్ అతని పేరుకెదురుగా సున్నా కూడా వేయదు, మైనస్ ఒకటి వేస్తుంది. అతని ఇల్లాలు మైక్రోఫైనాన్సు గుంపులో అప్పు తీసుకుని కంతు తప్పకుండా కట్టింది. అతనికి ఎకరాలున్నాయి, ఆమెకు స్కోరుంది.

అప్పు లేదన్న మాటనూ పరీక్షించాలి. తమ్ముడి ట్రాక్టరుకు జామీను సంతకం పెట్టి మరిచాడా? అదీ ఆ సంస్థల నివేదికలో అతని పేరు కింద కనిపిస్తుంది. కిసాన్ కార్డు, నగల మీది అప్పు కూడా కనిపిస్తాయి. ఏలినాటి శని ఏడున్నరేళ్లంటారు. ఈ సంస్థలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలని నిబంధన. శనికైతే పావగడలోనే గుడి ఉంది, తైలాభిషేకం ఉంది. సిబిల్‌కు కంతు కట్టడమే అభిషేకం.

ఇక స్మృతి ప్రమాణం. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి నిర్దేశాల్లో బ్యాంకులకు సలహా ఇచ్చింది. తోసిపుచ్చవద్దంది గానీ ఇచ్చి తీరాలనలేదు, గమనించాలి. కార్డు కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలని 2022లోనే నిర్దేశించింది. అడిగి తీసుకోవచ్చు.

విశేషం: అర్హత ముందే చూసుకోవడం ఎందుకంటే, అప్లికేషను పెట్టిన ప్రతిసారీ బ్యాంకు నివేదిక తెప్పిస్తుంది, ఆ విచారణ నివేదికలోనే నమోదవుతుంది. ఒకే నెలలో ఐదు బ్యాంకుల తలుపు తట్టినవాణ్ని చూసి ఆరోది 'ఇతనికేదో గొప్ప అవసరం పడింది' అనుకుంటుంది. తన నివేదిక తానే చూసుకుంటే స్కోరు తరగదు. 2017 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అర్హత చెప్తామని ముందు ఫోను నంబరు అడిగే దారినపోయే సైట్ల జోలికి మాత్రం పోవద్దు. అవి అతని అర్హతను కాదు, నంబరునే కోరుతాయి.

పాఠాంతరం: పట్టణంలో దొరికిన ఒక ప్రతిలో చివరి పాదం 'శాస్త్ర మిప్పు డెరుగు' అని ఉంది. యతి చెడలేదు, గణం చెడలేదు. ఆ ప్రతి రాసుకున్నవాడు లీజు డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీ మీద కార్డు తీసుకున్నవాడు. ఆ కార్డుకు డిపాజిట్టే హామీ కనుక జీతం గడి దగ్గర పేచీ పడాల్సిన పని తగ్గుతుంది. అంచున అతను రాసుకున్నది ఇంతే: "బిల్లు కట్టవలసిన తేదీ 18."