డెబ్బై రెండు నాటి సాక్షి

అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ కచేరీకి ఒక టికెట్ కొంటే ఇద్దర్ని వినొచ్చు. ఒకాయన వేదిక మీద ఉంటాడు, ఇంకొకాయన మన పక్క కుర్చీలో.

మన దగ్గర ఘంటసాల పాటల సాయంత్రానికి వెళ్తే పక్కన ఓ పెద్దమనిషి తగులుతాడు చూడండి, "ఇదేం పాటండీ, అసలాయన పాడగా బెజవాడలో విన్నవాణ్ణి" అంటూ. ఆయన టెక్సస్‌లో కూడా ఉన్నాడు. పంచె బదులు జీన్సు, పొడుం డబ్బా బదులు బీరు డబ్బా, అంతే తేడా.

ఆస్టిన్ శివార్లలో ఆరుబయట కచేరీ. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన నాకు కంట్రీ సంగీతంలో ఉన్న పాండిత్యమంతా కారు రేడియో పెట్టిన భిక్ష. పక్క కుర్చీలో తలకి కొత్త ఎర్ర బందానా కట్టుకున్న మనిషి. గడ్డం చూస్తే డెబ్బై దాటినట్టుంది, చేతులు చూస్తే అంత ఉండవనిపిస్తుంది. అవతల భార్య నిమ్మళంగా పాప్‌కార్న్ తింటోంది.

"మొదటిసారా?" అన్నాడు, రోగం ఎన్నాళ్లనించీ అని డాక్టరు అడిగినట్టు. అవునన్నాను. ఆ ఒక్క ముక్కతో నా సాయంత్రం ఆయన పేర రిజిస్టరైపోయింది.

"డెబ్బై రెండు ఆగస్టు. ఆర్మడిల్లో వరల్డ్ హెడ్‌క్వార్టర్స్. నేనున్నాను."

పూర్వం నేషనల్ గార్డు ఆయుధాలు దాచిన కట్టడం అది. నాష్‌విల్ దగ్గర ఇల్లు కాలిపోయాక సొంత రాష్ట్రానికి తిరిగొచ్చిన విల్లీ, జుట్టు పెంచిన హిప్పీల్నీ కౌబాయ్ టోపీల వాళ్లనీ అక్కడ తన పాటతో ఒకే కప్పు కిందికి చేర్చాడు. అది చరిత్ర. అయితే ఆ రాత్రి మేమున్నామని చెప్పేవాళ్లంతా నిజంగా ఉండుంటే హాలు గోడలు శాన్ ఆంటోనియో దాకా కట్టాల్సొచ్చేది. మన ఊళ్లలో తామ్రపత్రాలు ఇస్తున్నారనగానే సమరయోధులు పెరిగారే, అలాగన్నమాట.

ఇల్లు తగలబడ్డ కథ కూడా తలుపు తనే తీసి పట్టుకున్నట్టు చెప్పాడు. మంటల్లోకి వెళ్లి విల్లీ గిటారు తెచ్చుకున్నాడట. "ఇంకో పొట్లం కూడా" అని కన్ను గీటాడు. ఆ పొట్లం గంజాయిదని టెక్సస్‌లో పిల్లలక్కూడా తెలుసు. అయినా గొంతు తగ్గించే చెప్పాలి, అది సంప్రదాయం.

ఇంతలో వేదిక వెనక టెక్సస్ జెండా దిగింది. 1933లో పుట్టిన మనిషి, రెండు జడలు వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో ట్రిగ్గర్. 1969లో కొన్న ఆ మార్టిన్ గిటారుకి, మీటీ మీటీ, ఉన్న రంధ్రం పక్కనే ఇంకో పెద్ద చిల్లు పడింది. "మొదట్లో ఇంతే ఉండేది" అని మావాడు చిటికెన వేలి గోరు చూపించాడు, చంటిపిల్లాడు ఎంత ఎదిగాడో చెప్పే మేనమామలా.

పాటలు మొదలవగానే తహసీల్దారైపోయాడు. 'విస్కీ రివర్'? "జానీ బుష్‌ది. కౌలు." 'క్రేజీ'? "సొంత పట్టా. ప్యాట్సీ క్లైన్ అనుభవించింది." 'ఆల్వేస్ ఆన్ మై మైండ్'కి నేను కళ్లు తుడుచుకుంటుంటే, "అదీ కౌలే" అన్నాడు. ఆ తర్వాత శిస్తు కథ ఎత్తాడు. 1990లో పన్నులవాళ్లు కోటీ అరవయ్యేడు లక్షల డాలర్ల బాకీ అని మీద పడితే, అది తీర్చడానికి విల్లీ ఆల్బమే అమ్మాడు. మావాడు రెండు కొన్నాడట. చెప్పిన తీరు చూస్తే మిగిలిందంతా కూడా ఈయనే కట్టాడేమో అనిపించింది.

విల్లీ పాటలో ఒక తమాషా ఉంది. లయ ముందు పోతుంటే మాట వెనకాల తీరిగ్గా వస్తుంది, బస్సు కదిలాక ఎక్కే కండక్టరులా. స్టాపులో మాత్రం ఇద్దరూ ఒకేసారి దిగుతారు. మావాడు తొడ మీద తాళం మొదలెట్టాడు. మూడుసార్లు చెయ్యి పడింది, మూడుసార్లూ మాట తర్వాతే వచ్చింది. నాలుగోసారి చెయ్యి గాల్లోనే ఆపి నా మోకాలి వైపు అనుమానంగా చూశాడు, లయ తప్పించింది నేనే అన్నట్టు.

చివర్లో విల్లీ బందానా విప్పి జనంలోకి విసిరాడు. అది మాకు ఇరవై వరసల ముందే దిగిపోయింది.

పార్కింగులో ఆయన కారు వెతుక్కుంటూ ముందుకెళ్లగానే, సాయంత్రమంతా పెదవి విప్పని భార్య నా పక్కకొచ్చింది. "డెబ్బై రెండులో ఈయనకి తొమ్మిదేళ్లు. ఒహాయోలో ఉండేవారు. ఆ ఆగస్టంతా గవదబిళ్లలతో మంచంలోనే ఉన్నాడని మా అత్తగారు చెప్పేది."

ఏమనాలో తోచలేదు. అవతల కారు తలుపు దగ్గర ఆయన తలకున్న బందానా విప్పి, అంచుకి వేలాడుతున్న ధర చీటీ పళ్లతో తెంపి ఉమ్మేశాడు. గుడ్డని రెండు చేతుల్తో నలిపి నలిపి పాతబరిచాడు. నన్ను చూసి దాన్ని పైకెత్తి ఊపుతూ కేకేశాడు:

"తిన్నగా నా చేతుల్లోకే విసిరాడు! చూశావుగా అబ్బాయ్?"

భార్య కూడా నా వైపే చూస్తోంది.

"చూశానండీ" అన్నాను.