టేపు స్వామీ, శరణు!

స్వామీ, నీ చూపు ఎంత పొదుపైనది! చెట్టు ఆకాశానికి పోయినా, వేళ్ళు బావిదాకా పాకినా, నువ్వు చూసేది నేలకు 1.37 మీటర్ల ఎత్తున ఒక్కచోటే. అక్కడ మానును ఓసారి కౌగిలించుకుని అంకె చెప్పేస్తావు. ఆ అంకెను సూత్రంలో వేస్తే చెట్టు ఎండు బరువు, బరువును 0.47తో హెచ్చవేస్తే కర్బనం, దాన్ని 3.67తో హెచ్చవేస్తే గాలిలోంచి పీల్చిన కార్బన్ డయాక్సైడ్. మా నాన్న అరవై ఏళ్ళుగా ఆ చెట్లకింద చద్దన్నం తిన్నాడే గాని, ఇందులో ఒక్క హెచ్చవేతైనా కనిపెట్టాడా?

మొన్న వేసవిలో నిన్ను మా గట్టు మీదికి తెచ్చిన కార్బన్ క్రెడిట్ల ప్రాజెక్టు కుర్రాడు మొదట తాటిచెట్టుకు చుట్టాడు. తాటి పొడుగెదుగుతుంది గాని లావెక్కదు. ఏటా వచ్చి చుట్టినా నీకు అదే అంకె. ఎత్తునుబట్టి లెక్కకట్టే సూత్రం వేరే ఉందట, కుర్రాడి ఫోనులో మాత్రం లేదట. ఎదిగే చెట్టును ఎదగనిదిగా చూపించడం నీకు తప్ప ఎవరికి చేతనవును?

తర్వాత వేప. నాన్న పుట్టకముందుది, ఇద్దరం చేతులు చాపినా అందని మాను. ప్రాజెక్టు రాకముందు నుంచే ఉంది కాబట్టి ‘అదనం’ కాదు, పైసా రాదన్నాడు. న్యాయమే! కాపాడినవాడికి డబ్బిస్తే కాపాడటం అలవాటైపోదూ? పక్కచేను ఆసామి పన్నెండేళ్ళ కిందటే ట్రాక్టరుకు అడ్డమని గట్లన్నీ బోడి చేశాడు. ఇప్పుడు ఆయన నాటే ప్రతి మొక్కా అదనమే. ముందుచూపంటే అదీ.

నిన్ను నమ్ముకున్న ఏలికలు మాత్రం తక్కువవాళ్ళా? సేద్యంలో చెట్లకంటూ జాతీయ విధానం ప్రపంచంలో అందరికన్నా ముందు, 2014లో, మనమే తెచ్చుకున్నాం. పెంచిన చెట్టును కొట్టి అమ్ముకోవడానికున్న అడ్డంకులు సడలించాలని అందులో ముచ్చటగా రాసుకున్నాం. రాత బాగుంటే చాలదూ! ఇక అటవీ సర్వేవారి ఔదార్యం సరేసరి. ఎవరి సొంతమైనా సరే, హెక్టారుకు తగ్గని నేలలో పదోవంతు మేర కొమ్మలు కమ్ముకుంటే అది అడవి విస్తీర్ణమే. మామిడితోట రైతు కాయలు కోసుకుంటూ ఉండగానే దేశానికి అడవి పెరిగిపోతుంది. అది ఆయనకు తెలియాల్సిన పని కూడా లేదు.

చివర్న నాన్న అడిగాడు: “పోనీ బాబూ, ఈ వేప కొట్టేసి దీని చోటే కొత్తది నాటితేనో?”

కుర్రాడు కంగారుపడ్డాడు. “అమ్మో, కొట్టాలంటే వాల్టా కింద అనుమతి కావాలి తాతా. 2002 నుంచీ ఉన్న చట్టం.”

నాన్న అంతసేపూ పట్టుకున్న కొస వదిలేశాడు. గిర్రున చుట్టుకుని నీ డబ్బాలోకి నువ్వు వెళ్ళిపోయావు స్వామీ.