రైమింగు గీమింగు

మూడేళ్లకల్లా రైమింగ్ రాకపోతే ఆరేళ్లకు చదువు రాదట. ఈ వేసవిలో ఇంటింటికీ పాకిన జబ్బు ఇదే. ఆవకాయ ముక్కలు ఆరబెట్టాల్సిన గుడ్డల మీద రైమింగ్ కిట్ల ఫ్లాష్‌కార్డులు పరుచుకున్నాయి. అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘రోజుకు అరగంట, ఇంట్లోనే రైమింగ్’ అనే పీడీఎఫ్‌లు చక్కర్లు కొడుతున్నాయి. పక్క ఫ్లాటు పాప ‘క్యాట్’ అనగానే ‘హ్యాట్’ అందుకుంటోందని తెలిసిన రాత్రి ఎంతమంది తల్లులకు కంటిమీద కునుకు పడలేదో దేవుడికే ఎరుక.

ఆ చదువు ఎలా సాగుతుందో కాస్త దగ్గరికెళ్లి చూడాలి. కాగితం మీద ఎడమ పక్క పిల్లి బొమ్మ. కుడి పక్క టోపీ, కుక్క, సూర్యుడు. పిల్లితో ఏది కలుస్తుందో గీత గీసి చూపాలి. బుజ్జిగాడు తడుముకోకుండా కుక్క దాకా గీత లాగేశాడు. వాడి లెక్క వాడిది. వీధిలో ఆ రెండూ రోజూ కలిసే పరుగెడతాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ‘‘అది కాదు నాన్నా, సౌండ్ చూడు, సౌండ్!’’ అంది తల్లి. సౌండే కదా అడిగారని వాడు ‘మ్యావ్’ అన్నాడు. కాగితం మీద ఎర్ర ఇంటూ పడింది.

పాపం, వాడు రెండుసార్లూ సరైన జవాబే చెప్పాడు.

ఇంకో తమాషా ఉంది. మన నోట ఇంగ్లిషు మాట ఉకారం తగిలించుకోకుండా బయటికొచ్చిందెప్పుడు? పిల్లవాడు ఇంట్లో వినేది క్యాటు, హ్యాటు, డాగు, సన్ను. ఆ లెక్కన కుక్కకు కూడా సగం మార్కులు వేయాలి. బస్సు, రోడ్డు, లైటు, పెన్ను అంటూ తరాలు గడిపిన ఇంట్లో తల్లి ఉన్నట్టుండి ‘క్యాట్’ అని టకారం దగ్గర నాలుక కరుచుకుంటుంటే, అమ్మకేమైందోనని పిల్లవాడు ఆమె నోట్లోకి తొంగిచూస్తున్నాడు.

అన్నిటికంటే రుచికరమైన సలహా మరొకటి: అర్థం లేని మాటైనా ఫర్వాలేదు, మొదటి శబ్దం మారి మిగతాది అలాగే ఉంటే చాలు, చప్పట్లు కొట్టి మెచ్చుకోండి. ఈ మహావిద్య కోసం డబ్బు కట్టి ఆన్‌లైన్ క్లాసులో చేరిన తల్లి, క్లాసు అవగానే వంటింట్లోంచి కేకేస్తుంది: ‘‘పాలు గీలు తాగాడా? స్నానం గీనం ఏమైనా ఉందా ఇవాళ?’’ చప్పట్లు కొట్టేవాళ్లే లేరు.

పులి గిలి, చదువు గిదువు, స్కూలు గీలు, డబ్బు గిబ్బు. మొదటి అచ్చు పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. ఈ సూత్రం ఎవరూ నేర్పలేదు, ఎవరూ తప్పలేదు. భాషాశాస్త్రవేత్తలు వీటిని ప్రతిధ్వని పదాలంటారు. వాళ్లలో ఒకరైన ఎమెనో 1956లో భారతదేశమంతా ఒకే భాషాప్రాంతమని వాదించినప్పుడు, ఇక్కడి భాషలు పంచుకున్న లక్షణాల్లో వీటినీ చూపించాడు. ‘నాకు స్కూలు గీలు వద్దు’ అని నేలమీద పడి దొర్లే పిల్లవాడు మాట మొదలు విరిచి, కొత్త హల్లు అతికించి, అచ్చు పొడుగు లెక్క చూసుకుని మరీ ఏడుస్తున్నాడన్నమాట. అయినా కిట్టులోని ప్రగతి పట్టికలో వాడికి వచ్చేది ‘ఇంకా సాధన అవసరం’.

ఉప్పు, పప్పు, కప్పు, నిప్పు, చెప్పు, ముప్పు, తప్పు, మెప్పు. భోజనాల దగ్గర కూర్చుంటే సగం పాఠం విస్తట్లోనే ఉంది. మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగిసే భాషలో చివరి శబ్దం కలపడం ఎంత తేలికంటే, మన ఛందస్సు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ప్రాసను తీసుకెళ్లి పాదంలో రెండో అక్షరానికి కట్టింది. కందపద్యంలో నాలుగు పాదాలకూ అది తప్పదు. సుమతీ శతకం కందాల్లోనే ఉంది. చదవడం రాని అమ్మమ్మలు కూడా ఆ పద్యాలు పిల్లలకు నోటికి నేర్పించారు, మాటలోని శబ్దాల స్పృహను ‘ఫొనొలాజికల్ అవేర్‌నెస్’ అంటారని చెవిన పడకుండానే.

రీసెర్చి ఉందంటారు. ఉంది. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో రాశారు. నాలుగైదేళ్ల ఇంగ్లిషు పిల్లల్లో శబ్దాల పోలిక పట్టగలిగినవాళ్లు తర్వాత చదువులో ముందున్నారని తేలింది. కానీ వాళ్లు శిక్షణ ఇచ్చిన పిల్లలకు దక్కినవి రెండేళ్లలో 40 చిన్న పాఠాలు. అందులోనూ ప్లాస్టిక్ అక్షరాలు చేతికిచ్చి నేర్పినవాళ్లే బాగా ముందుకెళ్లారు. రోజుకు అరగంట అని ఎవరూ అనలేదు. 2004లో మ్యూటర్, హ్యూమ్ బృందం మరికొందరు బ్రిటిష్ పిల్లలను గమనిస్తే, చదువును ముందుగా పట్టిచ్చింది అక్షరాల పరిచయం, విడి ధ్వనులను గుర్తించే నేర్పు, రైమ్ కాదు. కిట్టు డబ్బా మీద 1983 ఉంటుంది, 2004 ఉండదు.

పైగా ఆ పరిశోధన ఇంగ్లిషు రాతకు సంబంధించింది. అక్కడ క్యాట్, హ్యాట్, మ్యాట్‌లకు చివరి రెండు అక్షరాలు ఒకటే కాబట్టి చెవికి అందింది కంటికి సాయపడుతుంది. తెలుగులో ‘క’ నుంచి ‘క్ష్మి’ దాకా గుణింతాలూ ఒత్తులూ కలిసి వందల రూపాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు ఎలా చదవడం నేర్చుకుంటున్నారో పరిశోధకురాలు సొనాలీ నాగ్ 2007లో రాశారు. అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్లు పడతాయని, విడి ధ్వనుల స్పృహ నెమ్మదిగా వస్తుందని ఆమె తేల్చారు. ఆ ఏళ్లు ఇవ్వాల్సింది పోయి, మూడేళ్లవాడి చేతిలో టోపీ బొమ్మ పెడుతున్నారు.

ఇక నవ్వు రావడం లేదు. ఇది భయాన్ని అమ్ముకునే వ్యాపారం. మీ పిల్ల వెనకబడిపోతోందని ముందు చెబుతారు, తర్వాత ధర చెబుతారు. పాలపళ్లు పూర్తిగా రాని పిల్లలను బల్లముందు నిలబెట్టి ‘రైమ్ చెప్పు’ అని నర్సరీ సీటుకు పరీక్ష పెట్టే బడులు దీనికి తోడు. ప్రవేశానికి పిల్లలనూ తల్లిదండ్రులనూ వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. మొదటిసారి 25 వేల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఆ చట్టం ఆరేళ్ల పైవాళ్లకే కదా అని నర్సరీలు సందు వెతుక్కున్నాయి. సిగ్గుండాలి. ఆరేళ్లవాడికి పెట్టకూడని పరీక్ష మూడేళ్లదానికి పెడతారా?

ఫోనులో రైమ్స్ పెట్టి ముద్దలు కుక్కేవాళ్ల కోసం ఒక్క మాట: రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు రోజుకు గంట మించకూడదని, ఏడాది పిల్లలకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పమన్న 2020 జాతీయ విద్యావిధానం మీద సభలు పెట్టే పెద్దల ఇళ్లలోనూ ఈ కిట్లే. అటు అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు 2007 నుంచి వారాంతాల్లో పిల్లలను సిలికానాంధ్ర మనబడికి తీసుకెళ్లి తెలుగు పలికించుకుంటున్నారు. ఇటు విజయవాడలో అమ్మమ్మ పాట ఎత్తుకోబోతే ‘‘కన్ఫ్యూజ్ అవుతాడమ్మా, నువ్వు కాసేపు ఊరుకో’’ అంటున్నారు. నోరు మూయాల్సింది ఆవిడా?

కాళ్లు బారజాపి వరుసగా కూర్చోబెట్టి, ఒక్కో పాదం తాకుతూ పాడి, చివరి మాట పడ్డ కాలు మడిపించే ఆ అమ్మమ్మల కాళ్లగజ్జె ఆటకు కావాల్సిన సామగ్రి కాళ్లే. నలుగురు పిల్లలుంటే చాలు, వార్షిక చందా అక్కర్లేదు.

ఇప్పటికే కిట్టు కొన్నవాళ్లు బిల్లు వెనక వాపసు గడువు ఎంతుందో ఇవాళే చూసుకోండి. దాటిపోతే ఫ్లాష్‌కార్డుల వెనకవైపు తెల్లగానే ఉంటుంది, పిల్లలకు రంగు పెన్సిళ్లు ఇవ్వండి.